రౌండ్ ది వికెట్ బౌలింగ్‌కి ఎడమచేతి ఓపెనర్ గార్డ్ ఎక్కడ తీసుకోవాలి?

కావలిలో సాయంత్రాలు పిల్లలకు బ్యాటింగ్ నేర్పిస్తుంటాను. వాళ్లలో ఒక ఎడమచేతి ఓపెనర్ ఉన్నాడు, పదిహేనేళ్లవాడు. కుడిచేతి పేసర్ ఓవర్ ది వికెట్ (బంతి వేసే చేయి స్టంప్స్ వైపు ఉండేలా) వేస్తే వాణ్ణి అవుట్ చేయడం కష్టం. బంతి కోణం ఆఫ్ సైడుకే పోతుంది కాబట్టి ఎల్బీ (స్టంప్స్‌కి తగలాల్సిన బంతి ప్యాడ్‌కి తగిలి అవుటవడం) భయం తక్కువ. వదలాల్సింది వదిలేస్తాడు, కాళ్ల మీదికొస్తే ఫ్లిక్ చేస్తాడు.

అదే బౌలర్ రౌండ్ ది వికెట్‌కి (స్టంప్స్ అవతలి పక్కకి) మారితే నిలబడలేకపోతున్నాడు. గుడ్ లెంగ్త్‌లో పడి లోపలికొచ్చేది ప్యాడ్‌కి తగులుతోంది, పడ్డాక నేరుగా వెళ్లేది ఎడ్జ్ తీసుకుని స్లిప్‌లోకి పోతోంది. 2019 యాషెస్ టెస్ట్ సిరీస్‌లో ఇంగ్లండ్ పేసర్ స్టువర్ట్ బ్రాడ్ ఎక్కువగా ఈ కోణం నుంచే వేసి ఆస్ట్రేలియా ఎడమచేతి ఓపెనర్ డేవిడ్ వార్నర్‌ని 10 ఇన్నింగ్స్‌లో 7 సార్లు అవుట్ చేశాడు. అంతటి ఆటగాడికే కష్టమైన బంతి ఇది.

గార్డ్, అంటే ఏ స్టంప్‌కి ఎదురుగా బ్యాట్ పెట్టి నిలబడాలో ఆ గుర్తు, మిడిల్ నుంచి లెగ్‌స్టంప్‌కి జరిపాం. ఎల్బీలు తగ్గాయి గానీ బయటి బంతికి చేతులు చాచి ఎడ్జ్ ఇస్తున్నాడు. స్టాన్స్ కాస్త తెరిచి (ఛాతీ బౌలర్ వైపు తిప్పి) చూశాం, కవర్ డ్రైవ్ పోయింది. క్రీజు బయట నిలబెడితే, మాది మ్యాటింగ్ (చాప పరిచిన) పిచ్ కదా, బంతి గ్లవ్స్ మీదికి లేస్తోంది. ఫోన్‌లో వీడియో తీసి చూస్తే తల నిలకడగానే ఉంది. ముందు కాలే ప్రతిసారీ ఆఫ్‌స్టంప్ వైపు అడ్డంగా పడుతోంది.

ముందు కాలు అడ్డం పడకుండా, ఆఫ్‌స్టంప్ బయటి బంతీ అందేలా, ఈ కోణానికి గార్డ్ ఏ స్టంప్ మీద తీసుకోమనాలి?