పదిహేనేళ్లు నిండకముందే ఆర్మీ వదిలేసి పోలండ్ వెళ్దామనుకుంటున్నాను

మామిడితోట_శాపర్:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు దగ్గర పల్లె. 2012 మార్చిలో బెంగళూరులో మద్రాస్ శాపర్స్‌లో, అంటే ఆర్మీ ఇంజనీరింగ్ దళంలో చేరాను. పదమూడేళ్ల ఎనిమిది నెలలైంది. ఇప్పుడు నాయక్‌ని. డోజర్, ఎక్స్‌కవేటర్ నడపడం నా పని. సెలవు మీద వచ్చి తిరుపతిలో మా ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను.

నాకు ఆ పనంటే ప్రాణం. లడఖ్‌లో రెండు శీతాకాలాలు రోడ్ల మీద మంచు తీశాను. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే ఇంజను వేడెక్కించడానికే గంట పట్టేది. గ్లౌజు లేకుండా లీవర్ ముట్టుకుంటే వేలి తోలు ఇనుముకు అంటుకుని ఊడొచ్చేది. ఒకసారి దారి తెరిచేసరికి అవతల ఆగి ఉన్న జీపులోంచి ఒక ముసలామె దిగి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. కోడలికి నొప్పులొస్తున్నాయట, లేహ్ ఆస్పత్రికి పోవాలట. ఆ రాత్రి మా నాయనకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.

తర్వాత పీస్ స్టేషన్‌కు, అంటే సరిహద్దుకు దూరంగా ఉండే కంటోన్మెంటుకు వచ్చాం. ఈ మూడేళ్లలో మిషను ఎక్కిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక పెద్దసారు ఇంట్లో తోటకు నీళ్లు పట్టడం, వాళ్ల కుక్కను తిప్పడం, ఇదీ నా డ్యూటీ. నా ట్రేడ్ పని ఇవ్వండి సార్ అని రెండుసార్లు అడిగాను. ఆ ఏడాది దసరాకు సెలవు దొరకలేదు.

ఇంటి దగ్గర ఇంకో బాధ. మాకు ఎకరా ఇరవై సెంట్ల తోట, అన్నీ తోతాపురి మామిడి చెట్లే, నాయన నాటినవి. భూముల రీసర్వేలో మాదీ పక్కవాళ్లదీ కలిపి ఒకే ఎల్‌పీఎం నంబరు (కొత్త సర్వేలో భూమి ముక్కకు ఇచ్చే నంబరు) వేశారు. పదకొండు చెట్లు గట్టుకు అవతల పడ్డాయి. మా సీఓ (కమాండింగ్ ఆఫీసర్) సారు కలెక్టరుకు ఉత్తరం రాశారు. నాలుగు సెలవుల్లో నాలుగుసార్లు ఆఫీసుకు తిరిగాను. రెండేళ్ల కింద ఆగస్టు 15న అదే ఆఫీసులో నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. మర్నాడు ఫైలు గురించి అడగడానికి వెళితే మధ్యాహ్నం దాకా బయట నిలబెట్టి, సారు లేరు, తర్వాత రా అన్నారు. ఆ శాలువా మడత కూడా విప్పలేదు, బీరువాలో అట్లే ఉంది. అది కనబడినప్పుడల్లా గొంతుకు ఏదో అడ్డం పడుతుంది.

తిరుపతిలో ఒక ఏజెంట్ కలిశాడు. పోలండ్‌లో ఎక్స్‌కవేటర్ ఆపరేటర్ పని, మొత్తం ఏడు లక్షలు, రెండు లక్షలు ముందు కట్టాలి, మూడు నెలల్లో వీసా అంటున్నాడు. ఇప్పుడే డిశ్చార్జికి పెట్టుకోమంటున్నాడు, ఆలస్యమైతే ఖాళీలుండవట. నాకు 32 ఏళ్లు. పాప రెండో తరగతి. ఎడమ చెవిలో రెండేళ్లుగా హోరు, అది ఇంకా ఎవరికీ చూపించలేదు.

నాకు దేశం మీద కోపం లేదు. నా పని తెలిసినచోట, ఆ పని చేయనిచ్చేచోట బతకాలని ఉంది. ఇప్పుడు వదిలేస్తే ఏం పోగొట్టుకుంటాను? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

రిటైర్డ్_హవల్దార్_తిరుపతి:

తమ్ముడూ, ముందుగా నువ్వు ఏ యూనిట్, ఎక్కడున్నావు అనేది ఇక్కడ ఎవరడిగినా రాయొద్దు.

నీ బాధ నాకు తెలుసు, నేనూ ఆ దారిలో నడిచినవాడినే. కానీ ఈ డిశ్చార్జి కాగితం మీద ఇప్పుడు మాత్రం సంతకం పెట్టకు. పదిహేనేళ్లు నిండితేనే పెన్షన్. నీకు ఇంకా పదహారు నెలలే ఉంది. ఇప్పుడు సొంత కోరిక మీద వస్తే గ్రాట్యుటీ, ఫండు, గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు చేతికొస్తాయి, నెలనెలా వచ్చేది మాత్రం ఉండదు. దానికంటే పెద్దది ఇంకోటి ఉంది, చాలామందికి తెలియదు. పెన్షన్ రాకముందే సొంత కోరిక మీద బయటికొచ్చినవాడిని ఎక్స్ సర్వీస్‌మన్ కింద లెక్కపెట్టరు. ఈసీహెచ్ఎస్, అంటే మాజీ సైనికుల వైద్య పథకం ఉండదు, మన రాష్ట్ర ఉద్యోగాల్లో రెండు శాతం కోటా ఉండదు. రేపు పోలండ్‌లో కుదరక తిరిగొస్తే పదమూడేళ్ల సర్వీసుకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకా ఓపిక ఉంటే పదహారేళ్లు పూర్తి చెయ్యి. రెండో ఎంఏసీపీ (ప్రమోషన్ లేకపోయినా సర్వీసు ఏళ్లను బట్టి పెంచే జీతం) పదహారేళ్లకు వస్తుంది, దాంతో పెన్షన్ పెరుగుతుంది. అది నీ ఇష్టం. పదిహేనేళ్లు మాత్రం దాటాల్సిందే.

ఆ చెవి సంగతి చదివి నాకు నిద్ర పట్టలేదు. ఏళ్ల తరబడి డోజర్ పక్కన కూర్చున్నవాడి చెవి అది. వెళ్లగానే ఎంఐ రూములో, అంటే యూనిట్ ఆస్పత్రిలో చూపించు, ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించమని అడుగు, రికార్డులో రాయించు. ఇప్పుడు కాగితం మీద లేకపోతే బయటికొచ్చేటప్పుడు చేసే రిలీజ్ మెడికల్ బోర్డు పరీక్షలో నువ్వెంత చెప్పినా కష్టం. నా మోకాలు విషయంలో నేను మగాడినని ఊరుకున్నాను, ఈ రోజుకీ మెట్లెక్కలేను, దానికి ఒక్క రూపాయి పరిహారం రాలేదు.

పీలేరు_టు_కువైట్:

అన్నా, ఏజెంట్ గురించి నేను చెబుతాను. 2014లో లక్షన్నర కట్టి ఆజాద్ వీసా, అంటే ఎక్కడైనా పని చేసుకోవచ్చనే వీసా అని నమ్మి కువైట్ వచ్చాను. దిగాక చూస్తే అది ఇరవై నంబరు వీసా, ఇంటి పనివాళ్లది. నేను నేర్చుకున్నది వెల్డింగు, చేసింది ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో డ్రైవరు పని. పాస్‌పోర్టు ఆయన బీరువాలో. బయటపడడానికి మూడేళ్లు పట్టింది.

మనవాళ్లను బయటి దేశాలకు ఉద్యోగానికి పంపే ఏజెంట్‌కు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ నంబరు అడుగు, ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ సైటులో కొట్టి చూడు, ఆఫీసు అడ్రసుతో సహా కనబడుతుంది. లైసెన్స్ ఉన్నవాడు తీసుకోవాల్సిన ఫీజు ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ. నీ దగ్గర ఏడు లక్షలు అడిగాడంటేనే ఆలోచించు.

సైనికుడివి కాబట్టి ఇంకో మాట. రష్యాలో సెక్యూరిటీ పని, హెల్పర్ పని అని తీసుకెళ్లి మనవాళ్లను యుద్ధంలో దింపిన సంగతి 2024లో దేశమంతా చూసింది, సీబీఐ కేసు పెట్టింది. పోలండ్ అని చెప్పినా టికెట్ ఏ దేశం మీదుగా ఉందో చూడకుండా విమానం ఎక్కొద్దు.

చంద్రగిరి_నుంచి_కెనడా:

హెవీ ఎక్విప్‌మెంట్ ఆపరేటర్ పనికి ఇక్కడ గిరాకీ ఉంది. కానీ నోటి మాటతో పని జరగదు. ఆర్మీ లైసెన్స్‌ను ఆర్టీఓలో సివిల్ లైసెన్స్‌గా మార్పించుకోండి. ఏ మిషను, ఎన్నేళ్లు నడిపారో రాతపూర్వకంగా తీసుకోండి. ఇంగ్లిష్ పరీక్షకు ఇప్పటి నుంచే రోజూ గంట కూర్చోండి. ఇక్కడి ఫారాల్లో మిలిటరీ సర్వీస్ వివరాలు తేదీలతో అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు రాయాలి. కెనడా పాయింట్లలో ముప్పై దాటాక ఏటా కొంచెం తగ్గుతుంది, ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసాలకు 45 లోపు ఉండాలి. కాబట్టి పదహారు నెలలు ఆగితే మీకు తలుపులేమీ మూసుకుపోవు.

జవాను_భార్య:

అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. చెట్లు ఎన్నో రాశారు, డబ్బు ఎంతో రాశారు. వదిన ఏమంటోందో ఒక్క మాట లేదు.

మా ఆయన పెన్షన్ వచ్చాక ఖతార్ వెళ్లారు. పదిహేడేళ్లు సర్వీసులో దూరం, తర్వాత ఐదేళ్లు అక్కడ దూరం. డబ్బు వచ్చింది, కాదనను. ఇల్లు కట్టాం. కానీ ఆయన వచ్చాక ఏ డబ్బాలో ఏముందో తెలియక వంటింట్లో నిలబడిపోయినప్పుడు నాకు ఏడుపొచ్చింది. వెళ్లాలనుకుంటే కుటుంబాన్ని తీసుకెళ్లగలిగే దేశానికే వెళ్లండి, పోలండ్ ఆ లెక్కలో ఉందో లేదో అడగండి.

భూమి సంగతి కూడా. మీరు అక్కడ ఉంటే ఫైలు వెంట ఎవరు తిరుగుతారు? మా ఆయన నా పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు. సోమవారం సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు వెళ్లి అర్జీ ఇచ్చి, రసీదు నంబరు తీసుకుని, మళ్లీ మళ్లీ అదే నంబరు చెప్పి అడిగాను. జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు నుంచి కూడా ఒక లెటర్ పెట్టించాను. పద్నాలుగు నెలలు పట్టింది, కానీ సబ్‌డివిజన్ అయింది, మా భూమికి విడిగా నంబరు వచ్చింది. జాయింట్ ఎల్‌పీఎం విడగొట్టమని విడిగా అర్జీ పెట్టాలి, ఉత్తరం ఒక్కటే సరిపోదు.

మామిడితోట_శాపర్:

అన్నకు, తమ్ముడికి, అక్కకు, అందరికీ దండాలు.

నిన్న ఏజెంట్‌కు ఫోన్ చేసి లైసెన్స్ నంబరు అడిగాను. అవన్నీ మీకెందుకు సార్, మిలిటరీవాళ్లకు నేను స్పెషల్‌గా చూసుకుంటాను అన్నాడు. డబ్బు కట్టలేదు.

అక్కా, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, పోవాలంటే ముగ్గురం పోదాం, లేకపోతే పదిహేనేళ్లు అయ్యాక ఇక్కడే ఒక మిషను కొనుక్కో, నేను లెక్కలు చూస్తాను అంది. నేను అడగలేదు కాబట్టే ఇన్నాళ్లూ చెప్పలేదట.

బయటికి వెళ్లాలనే కోరిక పోలేదు. కాకపోతే 2027 మార్చి దాకా ఎక్కడా సంతకం పెట్టను. ఆ రోజులు ఎట్లా గడుస్తాయో తలుచుకుంటే భయంగానే ఉంది, మళ్లీ అదే తోట, అదే కుక్క. ఇంగ్లిష్ పుస్తకం మాత్రం కొన్నాను.

రేపు సోమవారం. పొద్దున ఆరింటి బస్సుకు ఇద్దరం చిత్తూరు పోతున్నాం. పాసుబుక్కు, పాత అడంగల్, సీఓ సారు ఉత్తరం జిరాక్సు సంచిలో పెట్టాను. చెట్ల ఫొటోలు కూడా తీసుకెళ్లాలా అక్కా?