వయోజన విద్య మీద పెట్టే ఖర్చు దండగేనా?

ఓరుగల్లు_కుర్రోడు: ముందే చెప్తున్నా, తిట్టకండి. మా ఊళ్లో రాత్రి బడి అంటే రిజిస్టర్లో పేర్లు, పరీక్ష రోజు హడావుడి, అంతే. సంతకం పెట్టగలిగితే చాలు, చదువొచ్చినట్టే రాసుకున్నారు. యాభై ఏళ్ల కూలీకి అఆలు నేర్పితే కూలి పెరుగుద్దా, ఎకరం భూమి వస్తుందా? అదే డబ్బు సర్కారు బడి పిల్లల మీద పెడితే ఇంకో ఇరవై ఏళ్లకి ఈ గొడవే ఉండదు.

సింహపురి: మా నెల్లూరు సంగతి మర్చిపోయావా తమ్ముడూ? 1991లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రిళ్లు చదువుకోడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు, దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్నవాళ్లు సారా మీద తిరగబడ్డారు, అది జిల్లాలు దాటి పాకి చివరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. పిల్లలు పెద్దయ్యేదాకా ఆగమంటే వాళ్లు ఆగేవాళ్లా?

ఓరుగల్లు_కుర్రోడు: అన్నా, అది అక్షరాల గొప్పతనం కాదు, నలుగురు ఒకచోట కూర్చోవడం వల్ల జరిగింది. దానికి పలకెందుకు, డ్వాక్రా సంఘం చాలదా?

మెట్ట_పల్లె: భలే చోటే పట్టుకున్నారు. సంఘం పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందండీ? చదువొచ్చిన లీడరు చేతిలో. మిగతావాళ్లు ఎంత కట్టారు, వడ్డీ ఎంత, బాకీ ఎంత అన్నది ఆమె చెప్పిందే లెక్క. అందరూ పేదవాళ్లే, అందులోనే మళ్లీ పైన కింద. ఆధార్, బ్యాంకు, ఫోన్లో ఓటీపీ వచ్చాక ఇది ఇంకా ముదిరింది, ఓటీపీ చదివిపెట్టమని పక్కింటి కుర్రాడి చేతికి ఫోన్ ఇచ్చేస్తున్నారు. కూలి పెరక్కపోవచ్చు, వచ్చిన కూలి ఎటు పోయిందో అన్నా తెలియాలిగా.

మాజీ_సమన్వయకర్త: నేను సాక్షర భారత్‌లో గ్రామ సమన్వయకర్తగా చేశాను. 2009లో మొదలై 2018 మార్చితో ఆగిపోయిన కేంద్ర వయోజన విద్యా పథకం అది. పంచాయతీకి ఇద్దరం, నెలకి 2,000 గౌరవ వేతనం. ఎదురుగా కూర్చుని నేర్పే వాలంటీరుకి అదీ లేదు. 2022లో వచ్చిన కొత్త వయోజన విద్యా పథకం ఉల్లాస్‌ కూడా వాలంటీర్ల మీదే నడుస్తోంది. పిల్లలకి చెప్తే ఉద్యోగం, కూలోళ్లకి చెప్తే సేవ! నాట్లేసి వచ్చి, వండి వార్చి, రాత్రి తొమ్మిదికి కళ్లు మూతలు పడుతున్న మనిషికి నేర్పడం చిన్నపిల్లలకి నేర్పడం కంటే కష్టం, చేసినవాళ్లకే తెలుస్తుంది. దండగైంది ఎందుకంటే చవగ్గా చేద్దామనుకున్నారు కాబట్టి.

ఓరుగల్లు_కుర్రోడు: సరే, జీతాలిచ్చి పెడదాం అంటారు. ఆ డబ్బు ఎక్కడిది? తిరిగి తిరిగి నా ప్రశ్న దగ్గరికే వచ్చాం.

మెట్ట_పల్లె: పిల్లల వాటాలోంచే తీయాలని రూలేమైనా ఉందా? మా ఊళ్లో ఏడో తరగతిలో బడి మానేసి పత్తికి పోయిన పిల్లల ఇళ్లకి ఒకసారి వెళ్లి చూడండి, తల్లికి చదువొచ్చిన ఇళ్లు ఎన్ని కనిపిస్తాయో చెప్పండి, అప్పుడు మాట్లాడదాం.