మా జేజి చెల్లెలి కథను తోలుబొమ్మలుగా చేసి నలుగురికీ చూపించొచ్చా?

పెన్నాతీరం (కడప):
మా అక్క కూతురు ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. నిమ్మలకుంటకు పోయి తోలు పని నేర్చుకుంది. ఇప్పుడు మా జేజి చెల్లెలి కథను బొమ్మల వరసగా చేసి కాలేజీ ప్రదర్శనలో పెడతానంటోంది. ఆమెకు కాన్పయిన కొన్నాళ్లకే మనిషి మారిపోయి, బిడ్డను కూడా గుర్తుపట్టేది కాదంట. గాలి సోకిందన్నారు, దర్గాకు తిప్పారు, గుడిలో నిద్ర చేయించారు, చివరికి గొడ్ల కొట్టం పక్క గదిలో కాలికి గొలుసు వేసి ఉంచారు. 1950ల నాటి మాట ఇది. ఇంట్లో సగం మంది వద్దంటున్నారు. నేను మాత్రం చెయ్యాలనే అంటాను. పెళ్లి ఫోటోలో నుంచి కూడా ఆమెను కత్తిరించి పడేశారు, ఇంకా ఎంత దాస్తాం?

కందనవోలు:
నేను ఒప్పుకోను అక్కా. పోయిన మనిషిని అడగలేం, కానీ ఆమె కొడుకు, మనవళ్లు ఉన్నారు కదా. సంబంధాలు చూసేటప్పుడు 'వాళ్లింట్లో పిచ్చి ఉందంట' అన్న ఒక్క మాట చాలు మన ఊళ్లలో. పేరు మార్చినా ఊరు తెలిస్తే ఇల్లు తెలిసిపోతుంది. పైగా చూసినవాళ్లంతా గొలుసు వేయించిన మీ అబ్బను రాక్షసుడంటారు. ఆయనకు అప్పుడు ఏం దారి ఉండిందో ఆ బొమ్మలో కనపడుతుందా?

ధర్మవరం నేత:
కనపడేటట్టు చెయ్యాలి, అసలు పని అదే. అప్పుడు నడిచింది 1912 నాటి లూనసీ చట్టం. మనిషిని పిచ్చాసుపత్రిలో చేర్చాలంటే ఇంటివాళ్లు మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవాలి, దానికి రెండు డాక్టరు సర్టిఫికెట్లు జత చెయ్యాలి. పల్లెలో ఇద్దరు డాక్టర్లు ఎక్కడ దొరుకుతారు? అదంతా అయినా మద్రాసులోని కీల్పాక్ పిచ్చాసుపత్రి దాకా పోవాలి. ఇక మందులంటారా, క్లోర్‌ప్రోమజీన్‌ను ఈ జబ్బులకు వాడడం ఫ్రాన్సులో మొదలైందే 1952లో. ఆ అర్జీ, ఆ రైలు ప్రయాణం కూడా బొమ్మల్లో రావాలి.

కానీ అక్కడితో అందరినీ మన్నించి ఊరుకోవద్దు. వైద్యం చేయించలేకపోవడానికి కారణాలున్నాయి. ఫోటో కత్తిరించడానికి ఏం కారణం ఉంది, పరువు తప్ప? ఆమె పుట్టనే లేదన్నట్టు చేశారే, నాకు గొలుసు కంటే అదే ఎక్కువ బాధగా ఉంది. గొలుసులు పాతకాలం మాట అనుకోవడానికి కూడా లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉండడంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఏ రకంగానూ గొలుసు వేయకూడదని నిషేధించింది.

కందనవోలు:
అన్నా, చట్టం సంగతి బాగా చెప్పినారు, అది పెడితే నాకూ కొంత నయం. ఒకటి మాత్రం వద్దు. బొమ్మ కింద 'ప్రసవానంతర సైకోసిస్' అని రాయొద్దు. ఏ డాక్టరూ చూడని మనిషికి మనం ఇప్పుడు జబ్బు పేరు అంటించడం ఇంకో రకం అన్యాయం.

పెన్నాతీరం:
సరే, అది రాయనివ్వను. పిల్ల ఆమె ముఖం కూడా గీయనంటోంది, తోలులో ఆమె ఆకారం మేరకు కోసి ఖాళీగా వదిలేస్తుందట. ప్రొద్దుటూరులో ఆమె కొడుకు ఉన్నాడు, ముందు ఆయన్నే అడుగుతాం. ఆయన వద్దంటే ప్రదర్శనలో పెట్టం, బొమ్మలు చేసి ఇంట్లో ఉంచుకుంటాం.

కందనవోలు:
అయితే ఆయన్ను ఒక్కడినే కూర్చోబెట్టి అడగండి అక్కా. మీ ఇంటి పెద్దల ముందు అడిగితే వద్దనే అంటాడు.