ఇంపీరియల్ గెజిటీర్ అట్లాస్: 1909దా, 1931దా? తేల్చేది ఎలా?

గోదారిగట్టు: అందరికీ నమస్కారం. పాత పుస్తకాల షాపులో ఇంపీరియల్ గెజిటీర్ ఆఫ్ ఇండియా (బ్రిటిష్ సర్కారు మన దేశంలోని ప్రాంతాల వివరాలతో వేసిన పుస్తకాల వరస) 26వ సంపుటం, అంటే పటాలుండే అట్లాస్, కంటబడింది. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీ లేదు. షాపాయన 1909 నాటిదే అంటున్నాడు, ధర కూడా ఆ లెక్కనే చెబుతున్నాడు. కానీ 1931లో మళ్ళీ అచ్చేశారట కదా? ఏదో తెలియకుండా అంత డబ్బు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. కొన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

పటాలపిచ్చి: మొదటి పేజీతో పనిలేదండి, బెంగాల్ తీసి చూడండి. తూర్పు బెంగాల్, అస్సాం కలిపి వేరే రాష్ట్రంగా ఉంటే 1909దే. ఆ రాష్ట్రం 1905లో పుట్టి 1912లో పోయింది. బీహార్, ఒరిస్సా కలిపి ఒక రాష్ట్రంగా ఉంటే అది 1931ది.

కాజీపేట_జంక్షన్: అన్నా, మన దగ్గరే ఇంకా తేలిక. కాజీపేట నుంచి పైకి బల్లార్షా దాకా రైలు గీత ఉందా చూడు. ఆ లైను పూర్తయింది 1920ల చివర్లో. 1909 దాంట్లో సికింద్రాబాద్ నుంచి కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడ పోయే లైనే ఉంటది. ఇంకోటి, ఏ పాత పటమైనా సరే గుంటూరు జిల్లా ఉంటే 1904 తర్వాతిది, చిత్తూరు జిల్లా ఉంటే 1911 తర్వాతిది, పశ్చిమ గోదావరి కనిపిస్తే 1925 దాటినట్టే.

బరంపురం_బాబు: నా దగ్గరున్నది 1909ది. మాది బరంపురం, ఇంట్లో తెలుగే. గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీ రంగులో చూసినప్పుడు ఏమనిపించిందో చెప్పలేను. 1936లో ఒరిస్సా వేరే రాష్ట్రమయ్యాక కదా మేం అటు వెళ్ళింది, మా నానమ్మ మాటిమాటికీ మద్రాసు పేరు ఎందుకెత్తేదో అప్పుడు అర్థమైంది. అదే అట్లాసులో రాజకీయ పటం, భాషల పటం పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో బ్రిటిష్ ప్రాంతం గులాబీ, సంస్థానాలు పసుపు, కాబట్టి కృష్ణకు ఇవతల ఒక రంగు, అవతల నిజాం రంగు. భాషల పటంలో తెలుగు మాత్రం ఆ సరిహద్దును అసలు పట్టించుకోకుండా రెండు వైపులా పరుచుకుని ఉంటుంది. 1956కి అర్ధశతాబ్దం ముందే కాగితం మీద ఉంది అదంతా.

ఓరుగల్లు68: భాష ఒక్కటే గానీ బతుకు ఒక్కటి కాదు కదా తమ్ముడూ. మా దిక్కు సర్కారు కచేరీల ఉర్దూ, మీ దిక్కు ఇంగ్లీషు. ఆ పసుపు, గులాబీ గీతను కూడా అంతే శ్రద్ధగా చూడాలె. భద్రాచలం చూడుండ్రి, 1874 దాకా బ్రిటిషోళ్ళ సెంట్రల్ ప్రావిన్సెస్ రాష్ట్రంల ఉండె, తర్వాత మద్రాసు వాళ్ళ గోదావరి జిల్లాకు పోయింది, నది దాటితే మాత్రం నిజాం ఇలాకా. కర్నూలు పక్కన బనగానపల్లె సంస్థానం చిన్న మచ్చలెక్క ఉంటది, భూతద్దం పెట్టుకోండి.

పటాలపిచ్చి: ఇద్దరి మాటా నిజమే. కొనేముందు ఇంకో పని, విషయసూచిక ముందు పెట్టుకుని ప్లేట్లు, అంటే పటాల పేజీలు, ఒక్కొక్కటీ సరిచూసుకోండి. అట్లాసును విప్పేసి పటాలు విడివిడిగా ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళు చాలామంది, నాకు ఒళ్ళు మండే విషయం అదే. షికాగో యూనివర్సిటీ వాళ్ళ డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో దీని స్కాన్లు ఉచితంగా ఉన్నాయి, ఫోన్‌లో తెరిచి పోల్చుకోండి.

డాలస్_కోడలు: ఇలాంటిది మా మామగారికి ఇండియా నుంచి తెప్పిద్దామనుకుంటున్నాను, పంపనిస్తారా?

పటాలపిచ్చి: అమ్మా, వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువులు దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తు చట్టం అడ్డొస్తుంది. అక్కడి పాత పుస్తకాల వాళ్ళ దగ్గరే వెతకండి, ఇంగ్లండ్, అమెరికాల్లో కూడా దొరుకుతుంది.

గోదారిగట్టు: చూసొచ్చానండి. తూర్పు బెంగాల్, అస్సాం ఉంది, బల్లార్షా లైను లేదు, 1909దే! కానీ మన కోస్తా జిల్లాల ప్లేటు ఎవరో బ్లేడుతో కోసేశారు, కుట్టు దగ్గర సన్నటి అంచు మాత్రం మిగిలింది. మడతల దగ్గర ఇంకో రెండు పటాలు చిరిగాయి. తీసుకోమంటారా?

బరంపురం_బాబు: ధర బాగా దించితే తీసుకోండి, భాషల పటం ఒక్కటే చాలు దానికి. చిరిగినచోట సెల్లోటేప్ మాత్రం వెయ్యొద్దు, లామినేషన్ అసలే వద్దు. జపనీస్ టిష్యూ అనే పల్చటి కాగితం, గోధుమపిండి జిగురుతో అతికేవాళ్ళు ఉంటారు, వాళ్ళకివ్వండి. పోయిన ప్లేటు విడిగా అమ్మకానికి వస్తే ఇక్కడే చెబుతాను.