నాన్నగారి 1972 సీ-10: పాత 350 ఉంచాలా, 5.3 ఇంజెక్షన్ ఇంజన్ వేయాలా?

సీ10_హ్యూస్టన్
మా నాన్నగారి దగ్గర 1972 షెవర్లే సీ-10 పికప్ ఉంది. 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్, నాలుగు బారెళ్ల కార్బురేటర్, టర్బో 350 గేర్‌బాక్స్. డెబ్భైల చివర్లో ఆయన టెక్సస్‌లో డాక్టరుగా చేరినప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆ రోజుల్లో మా ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ల మంచాలూ సోఫాలూ అన్నీ ఈ బండిలోనే ఇళ్లకు చేరాయి. కాబట్టి అమ్మే ప్రసక్తే లేదు.

ఇబ్బంది ఏమిటంటే, కొన్నాళ్లు కదపకపోతే స్టార్ట్ అవ్వదు. ఎండాకాలం గ్యాస్ స్టేషన్‌లో ఆపి, పెట్రోల్ కొట్టించి మళ్లీ తాళం తిప్పితే మొరాయిస్తుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కాలో, ఎప్పుడు వదలాలో నాన్నగారి కాలికే తెలుసు. ఇప్పుడు మా అమ్మాయికి లైసెన్స్ వచ్చింది, ఇదే నడుపుతానంటోంది. షెవర్లే తర్వాతి పికప్ సిల్వరాడోలో వచ్చిన 5.3 లీటర్ల ఇంజెక్షన్ ఇంజన్ (కోడు ఎల్ఎం7), దాని 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌తో సహా వేద్దామని నా ఆలోచన. అన్నయ్య మాత్రం "ఆ ఇంజన్ తీసేశాక అది నాన్న బండి ఎలా అవుతుందిరా" అంటున్నాడు. మీరేమంటారు?

పాతబండి_ఒహాయో
నేను మీ అన్నయ్య పక్షమే. ముందు ఒక పని చేయండి. ఇంజన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు సిలిండర్ హెడ్ కింద బ్లాకు మీద చిన్న చదునైన చోటు ఉంటుంది. జిడ్డు తుడిచి చూస్తే అక్కడ నంబర్లు కనిపిస్తాయి. అవి బండి వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) చివరి అంకెలతో కలిస్తే అది ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే. అలాంటి జత ఒకసారి విడిపోతే మళ్లీ దొరకదు.

పైగా మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటీ ఇంజన్ జబ్బు కాదు. ఇప్పటి పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తోంది. ఇంజన్ వేడికి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోల్ మరిగి పొంగుతుంది, అందుకే వేడి మీద మొరాయింపు. బండి ఊరికే నిలబడి ఉంటే గిన్నె ఆరిపోతుంది, అందుకే స్టార్ట్ అవ్వదు. కార్బురేటర్ విప్పించి కొత్త కిట్ వేయించండి. కింద వేడిని ఆపే స్పేసర్, ఒక ఎలక్ట్రిక్ చోక్ పెట్టించండి. పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ ఇంకా ఉంటే 1975 నుంచి జీఎం (షెవర్లే మాతృసంస్థ) బండ్లలో వచ్చిన ఎలక్ట్రానిక్ హెచ్ఈఐ డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా కూర్చుంటుంది. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకోవు, అవన్నీ మార్చేయండి. ఇదంతా ఇంట్లో చేసుకోగలిగిన పనే.

రెంచ్_వాసు_డాలస్
అన్నా, గొట్టాల సంగతి నిజమే. కానీ కార్బురేటర్‌ని ఎంత శుభ్రం చేసినా అది అంచనా మీదే పెట్రోల్ పంపుతుంది. ఇంజెక్షన్ ఇంజన్‌లో సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చూసి చెబుతుంటే, కంప్యూటర్ గాలి 14.7 పాళ్లకు పెట్రోల్ ఒక పాలు పడేలా ఎప్పటికప్పుడు సర్దుతుంది. జనవరి పొద్దునా ఆగస్టు మధ్యాహ్నమూ ఒకేలా స్టార్ట్ అవుతుంది. నడపబోయేది కొత్తగా లైసెన్స్ వచ్చిన పిల్ల. దారిలో ఆగితే చోక్ కిటుకు చెప్పడానికి పక్కన తాతగారు ఉండరు.

ఎల్ఎం7 ఎంపిక మంచిది. ఇనుప బ్లాకు, 2000 నుంచి వచ్చినవి కనీసం 285 హార్స్‌పవర్. తర్వాత వచ్చిన కొత్త తరం 5.3లలో చాలావాటికి సగం సిలిండర్లను ఆపేసే ఏర్పాటు పెట్టారు, వాటిలో లిఫ్టర్లు (వాల్వులను లేపే భాగాలు) పాడవడం అందరికీ తెలిసిందే. ఎల్ఎం7లో ఆ తలనొప్పి లేదు. కేబుల్ థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే మూత పెడల్ కేబుల్‌తోనే తెరుచుకునేది) ఉన్నది దొరికితే తీసుకోండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌దైతే పెడల్, దాని మాడ్యూల్ కూడా అదే బండి నుంచి తెచ్చుకోవాలి.

అసలు పని ఇంజన్ దించి కూర్చోబెట్టడం కాదు, దాని చుట్టూ ఉన్నదంతా. మీ పాత మెకానికల్ పెట్రోల్ పంపు ఇచ్చే ఒత్తిడి 5 నుంచి 7 పీఎస్ఐ. 5.3కి 58 కావాలి. అంటే కొత్త పంపు, కొత్త లైన్లు, ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్. షెవర్లే స్పోర్ట్స్ కారు కొర్వెట్‌లో వచ్చే ఫిల్టర్‌లోనే 58కి రెగ్యులేటర్ ఉంటుంది, చాలామంది అదే వాడతారు. వైరింగ్‌లో మీకు అక్కర్లేనివి తీసేయాలి. కంప్యూటర్‌లోని యాంటీ థెఫ్ట్ లాక్ తీయించకపోతే ఇంజన్ అందుకుని వెంటనే ఆగిపోతుంది. ఆయిల్ పాన్ క్రాస్‌మెంబర్‌కి (ఫ్రేమ్ అడ్డ కమ్మీకి) తగలకూడదు, మరీ కిందికి వేలాడకూడదు. మీ మీటరు కేబుల్‌తో తిరిగేది, కొత్త గేర్‌బాక్స్ పంపేది కరెంటు సిగ్నల్. మధ్యలో ఒక కన్వర్టర్ పెడితే నాన్నగారి డ్యాష్‌బోర్డు ముట్టుకోనక్కర్లేదు.

పాతబండి_ఒహాయో
వాసూ, నువ్వే చెప్పావు, పని ఎంతుందో. ఇలా సగంలో ఆగిపోయి గ్యారేజీల్లో దుమ్ము పట్టిన బండ్లు ఎన్నో ఉన్నాయి. హైవే మీద మైలేజీ పెరుగుతుందనేది కూడా చాలావరకు గేర్‌బాక్స్ పుణ్యమే. టర్బో 350కి ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరిగేలా చేసే గేరు) లేదు, 4ఎల్60ఈకి నాలుగో గేరు 0.70. అదే నిష్పత్తి పాత ఇంజన్ వెనక 700ఆర్4 గేర్‌బాక్స్ బిగించినా వస్తుంది. దాని టీవీ కేబుల్ (థ్రాటిల్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే తీగ) మాత్రం సరిగ్గా సెట్ చేయాలి, లేకపోతే క్లచ్చులు మాడిపోతాయి. ఇంజెక్షనే కావాలంటే కార్బురేటర్ స్థానంలో కూర్చునే కిట్లు ఉన్నాయి కదా, హోలీ స్నైపర్ లాంటివి. ఇంజన్ అదే ఉంటుంది, స్టార్టింగ్ బాధ తీరుతుంది.

రెంచ్_వాసు_డాలస్
ఆ కిట్‌కి కూడా హై ప్రెషర్ పంపు, లైన్లు కావాలి. పాత ఇగ్నిషన్ వైర్ల పక్కనుంచి సిగ్నల్ వైర్లు లాగితే కంప్యూటర్ తికమకపడుతుంది. ఇంజన్ మార్పిడిలో సగం పని చేసి యాభై ఏళ్ల ఇంజన్‌తోనే మిగిలిపోతాం. 5.3 అయితే ఏ ఊళ్లోనైనా స్కానర్ పెట్టి కోడ్ చదువుతారు, ఏ షాపులోనైనా సెన్సర్ దొరుకుతుంది.

లక్ష్మి_ఆస్టిన్
ఇద్దరూ ఇంజన్ గురించే మాట్లాడుతున్నారు. 1967 నుంచి 72 దాకా వచ్చిన సీ-10లో పెట్రోల్ ట్యాంకు ఎక్కడుందో చెప్పండి. క్యాబిన్‌లో, సీటు వెనక! మీ అమ్మాయి వీపు వెనక ట్యాంకు, దానికి 58 పీఎస్ఐ లైన్లు. ఏ ఇంజన్ ఉంచినా సరే, ముందు ఆ ట్యాంకు తీసి బెడ్ కింద వెనక ఫ్రేమ్ మధ్యలో కొత్తది పెట్టించండి. పంపు లోపలే ఉన్న ట్యాంకు తీసుకుంటే చల్లగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. 1971 నుంచి ముందు డిస్క్ బ్రేకులు వచ్చాయి కాబట్టి మీకు అవి ఉండే ఉంటాయి, కానీ బ్రేకు గొట్టాలు, మాస్టర్ సిలిండర్ ఏ కాలంవో చూడండి. మూడు పాయింట్ల సీటు బెల్టులు కూడా పెట్టించండి. వీటికయ్యే డబ్బు పక్కన పెట్టాక మిగిలినదాంతో ఇంజన్ సంగతి ఆలోచించండి.

ఫ్రీమాంట్_శ్రీ
1972 మోడల్ కాబట్టి మీరు అదృష్టవంతులు. మా కాలిఫోర్నియాలో 1975 దాకా మోడళ్లకు స్మాగ్ (పొగ) పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. నా బండి 78ది. ఇంజన్ మార్చాక రెఫరీ (ఇలాంటి బండ్లను రాష్ట్రం తరఫున తనిఖీ చేసేవారు) దగ్గరికి వెళ్లాలి. కొత్త ఇంజన్ బండి మోడల్ సంవత్సరానిదో, తర్వాతదో అయి ఉండాలి. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లు సహా దాంతో వచ్చిన పొల్యూషన్ సామానంతా ఉండాలి. అన్నీ సరిపోతేనే లేబుల్ అతికిస్తారు. టెక్సస్‌లో 24 ఏళ్లు దాటినవాటికి ఆ పరీక్షే లేదు. అయినా కన్వర్టర్లు పెట్టించండి. ఇంట్లో పిల్లలు పీల్చేది ఆ గాలే.

వరంగల్_జీపు
ఇక్కడ ఆర్‌సీ మీద ఇంజన్ నంబర్ కూడా ఉంటుంది. వేరే రకం ఇంజన్ వేయాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా మార్చడం కుదరదంది. మా ఇంట్లోని పాత మహీంద్రాకి కామన్ రైల్ (కొత్త తరం డీజిల్) ఇంజన్ వేయాలని ఎంత ఆశ ఉన్నా ఆగిపోయాను. మీకు ఆ వెసులుబాటు ఉంది, వాడుకోండి.

సీ10_హ్యూస్టన్
లక్ష్మి గారూ, ట్యాంకు విషయం తెలిసినా ఇంతవరకూ పట్టించుకోలేదు. అదే మొదటి పని. నాన్నగారిని కూడా అడిగాను. "మనవరాలు ఎక్కడా ఆగిపోకూడదు, అంతే" అన్నారు. ఇంజన్ నంబర్లు చూశాం, కలిశాయి. అన్నయ్య పట్టు ఇంకా పెరిగింది.

పాతబండి_ఒహాయో
నంబర్లు కలిశాయి కాబట్టి ముందు కంప్రెషన్ (సిలిండర్లలో పుట్టే ఒత్తిడి) చూడండి తమ్ముడూ. ఎనిమిది సిలిండర్లూ బాగుంటే ఒక ఎండాకాలం నేను చెప్పిన రిపేర్లతో నడిపి చూడండి. అప్పటికీ 5.3 కావాలనిపిస్తే నేను అడ్డు చెప్పను, ఒక్క షరతు. ఫ్రేమ్ కోయొద్దు, వెల్డింగ్ వద్దు. పాత రంధ్రాల్లోనే బోల్టుతో కూర్చునే అడాప్టర్ ప్లేట్లు దొరుకుతాయి. 350ని అమ్మొద్దు. ప్లగ్గు రంధ్రాల్లోంచి ఆయిల్ పోసి, చేత్తో తిప్పి, దారులన్నీ మూసి స్టాండు మీద పెట్టండి. కార్బురేటర్, గేర్‌బాక్స్ కూడా పక్కనే ఉంచండి. అప్పుడు మీ అమ్మాయో, మీ అన్నయ్య పిల్లలో ఎప్పుడైనా వెనక్కి బిగించుకోవచ్చు.

రెంచ్_వాసు_డాలస్
ఈ షరతుకి నేనూ ఒప్పుకుంటా. కంప్రెషన్ చూసేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, ప్లగ్గులన్నీ తీసేయాలి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకోవాలి, ఇగ్నిషన్ కనెక్షన్ పీకేయాలి. అంకె ఎంత వచ్చిందన్నదానికంటే సిలిండర్ల మధ్య తేడా ఎంతన్నది ముఖ్యం. ఏదైనా తక్కువ చూపిస్తే అందులో కాస్త ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగులది, పెరగకపోతే వాల్వులది. ఎనిమిదింటి అంకెలూ ఇక్కడ పెట్టండి.