అప్‌డేట్: బిల్లు మొహాన కొట్టిన కస్టమర్, వీడియో తీసిన సహోద్యోగి

పోయిన నెల మీ సలహా అడిగింది నేనే. వాడేసిన హెడ్‌ఫోన్స్ వాపసు తీసుకోనన్నందుకు ఒక కస్టమర్ బిల్లు ఉండచుట్టి నా మొహాన కొట్టాడు. పక్క కౌంటర్ అతను ఆపకపోగా, అదంతా ఫోన్‌లో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. దాని కింద వరుసగా నవ్వే బొమ్మలు.

మీరన్నట్టే ఆ రాత్రే తేదీ, టైమ్, ఎవరు ఏమన్నారో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. సీసీ కెమెరా రికార్డింగ్ కొన్నాళ్లకు దానంతటదే చెరిగిపోతుందని, దాచిపెట్టమని వెంటనే రాతపూర్వకంగా అడగమని ఒకరు చెప్పారు చూశారా, నన్ను కాపాడింది అదే. ఎందుకంటే మేనేజర్ మొదటి మాటే "నువ్వేదో అని ఉంటావు". ఫుటేజ్ చూశాక ఆయన నోట మాట రాలేదు. అందులో నా రెండు చేతులూ కౌంటర్ మీదే ఉన్నాయి, కదల్లేదు.

ఆ కస్టమర్‌ని మళ్లీ రానివ్వొద్దని సెక్యూరిటీకి చెప్పారు. వీడియో తీసినతనికి మెమో ఇచ్చి షిఫ్టు మార్చారు. కస్టమర్ మీద కోపం తగ్గింది గానీ, ఇతని మీద తగ్గలేదు. మూడేళ్లు పక్కపక్కన కూర్చుని భోజనం పంచుకున్నవాళ్లం. సారీ చెప్పాడు. సరే అన్నాను, అంతే. నిన్నటి నుంచి మళ్లీ అదే కౌంటర్‌లో కూర్చుంటున్నాను.