పన్ను చిట్లితే పీకించడమా, క్యాప్ వేయించడమా? అసలు ఇది పాత జబ్బేనా?

పాకాల గట్టు, నర్సంపేట:

మా బాపుకు అరవై దాటాయి. దసరాకు మటన్ తింటూ బొక్క కొరికాడు, అప్పటి నుంచి కింది కుడివైపు దవడ పన్ను సతాయిస్తోంది. చల్లనీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. అన్నం మామూలుగానే తింటాడు. సంక్రాంతికి చేసిన సకినాలు కొరికినప్పుడు మాత్రం ఉన్నట్టుండి దవడ పట్టుకుని కూర్చున్నాడు. పైకి చూస్తే పన్ను నిండుగా ఉంది, పిప్పి లేదు, ఊగడం లేదు. ఎక్స్‌రేలో కూడా ఏమీ కనబడలేదు.

హన్మకొండలో ఇద్దరికి చూపించాం. పన్నులో సన్నగా పర్రె పడి ఉంటుందని ఇద్దరూ అన్నారు. ఒకరు రూట్ కెనాల్ చేసి (అంటే పన్ను లోపలి నరం తీసేసి) పైన క్యాప్, అంటే తొడుగు, వేద్దామంటే, ఇంకొకరు క్యాప్ ఒక్కటి చాలన్నారు. మా ఊరి ఆర్‌ఎంపీ పీకించేస్తే పీడ పోతుందంటాడు. మా పెద్దబాపేమో "మా కాలంలో పండ్లు పుచ్చిపోయినయ్, ఊడిపోయినయ్ గానీ ఈ చిట్లుడేంది? ఇది దవాఖానలోళ్ళు పుట్టించిన రోగం" అని బాపును ఎటూ కదలనివ్వడం లేదు.

ఇది నిజంగా కొత్త జబ్బా? పూర్వం ఇలాంటి పన్నుకు ఏం చేసేవారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఓరుగల్లు కోట:

మీ పెద్దబాపు మాటను కొట్టిపారేయకండి తమ్ముడూ. ఎక్స్‌రేలో లేదు, కంటికి కనబడదు, అయినా వేలకు వేలు పెట్టి క్యాప్ వేయించుకోమంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? మా తాత వేపపుల్లతో తోముకున్నాడు, మక్కపేలాలు నమిలాడు, బొక్కలు పీల్చి పిప్పి చేశాడు. పోయేనాటికి సగం పళ్ళు లేవు, కానీ ఏ పన్నుకూ క్యాప్ లేదు. నొప్పి ఓర్చుకున్నన్నాళ్ళు లవంగం పెట్టుకున్నాడు, ఓర్చుకోలేనప్పుడు పీకించుకున్నాడు. అంతకు మించి వైద్యం అవసరమని ఎవరూ నిరూపించలేదు.

రామప్ప ఇటుక, ములుగు:

కోట అన్నా, ఆ సగం పళ్ళు ఎందుకు పోయాయో ఎవరైనా చూశారా? పీకిన పన్నును చెత్తలో వేశాక అది పుచ్చి పోయిందో, చిట్లి పోయిందో చెప్పేవాళ్ళు ఉండరు. పెద్దబాపు కాలంలో చిట్లిన పళ్ళు లేవనడానికి అది సాక్ష్యం కాదు. వాటి లెక్క ఎవరూ రాయలేదు, అంతే.

పాతదా కొత్తదా అన్నదానికి మన దగ్గరే జవాబు ఉంది. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో, జబ్బులను గుర్తుపట్టడం చెప్పే నిదాన స్థానంలో, నోటి జబ్బుల అధ్యాయంలో పళ్ళ జబ్బులు ఎనిమిది చెప్పారు. దాలనంలో పన్ను చీలిపోతున్నట్టు విపరీతమైన నొప్పి. దంతహర్షంలో పన్ను చల్లదనాన్నీ తాకిడినీ ఓర్వలేదు. భంజనకంలో నోరు వంకరపోయి పళ్ళు విరుగుతాయి. కపాలికలో గారతో పాటు పన్ను కూడా పెంకులుగా రాలుతుంది. ఇవాళ మనం చిట్లు అనేది దాలనమేనని నేను గట్టిగా అనను. కానీ చీల్చినట్టు నొప్పి, చలవకు జివ్వుమనడం, విరగడం, ఈ మూడింటినీ వేర్వేరుగా గమనించి పేర్లు పెట్టినవాళ్ళు పళ్ళను శ్రద్ధగా చూసినవాళ్ళే కదా.

అదే గ్రంథం చికిత్స దగ్గరికి వచ్చేసరికి దాలనం, భంజనకం, పన్ను నల్లబడే శ్యావదంతకం ఈ మూడూ నయం కావని రాసింది. జబ్బు తెలుసు, మందు లేదు. నాకు ఆ నిజాయితీ చాలా నచ్చుతుంది. చేతకాని చోట చేతకాదనే రాశారు.

పన్నును తొలవడం ఇంకా పాతది. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7500 నుంచి 9000 ఏళ్ళ కిందటి సమాధుల్లో దొరికిన 11 దవడ పళ్ళకు చెకుముకి మొనతో తొలిచిన రంధ్రాలున్నాయి. బతికున్న మనిషి నోట్లోనే తొలిచారు, ఆ తర్వాత కూడా అదే పన్నుతో నమిలిన అరుగుదల కనిపిస్తుంది.

కాజీపేట జంక్షన్:

చరిత్ర బాగుంది. కానీ నయం కాదని సుశ్రుతుడే రాస్తే, మధ్యలో రెండు వేల ఏళ్ళు జనం ఏం చేశారు? కోట గారు చెప్పినట్టు పీకించుకోవడమేగా?

రామప్ప ఇటుక, ములుగు:

చాలావరకు అంతే, దాన్ని దాచాల్సిన పని లేదు. పంటిలో పురుగు ఉంటుందన్న నమ్మకం లోకమంతా ఉండేది. మన సంతల్లో నేలములక గింజల పొగ పట్టించి "పురుగు రాలింది" అని చూపించేవాళ్ళు, అది ఆ నమ్మకమే. ఫ్రాన్సులో పియర్ ఫోషార్ 1728లో దంతవైద్యం మీద పెద్ద గ్రంథం అచ్చు వేస్తూ, పంటి పురుగు మాట నమ్మదగింది కాదన్నాడు. పై భాగం విరిగిపోయిన పన్నుకు వేరు గట్టిగా ఉంటే అందులో బంగారు, వెండి కడ్డీ దింపి కృత్రిమ పన్ను నిలబెట్టే పద్ధతి కూడా వివరంగా రాశాడు. అంటే పూర్తిగా విరిగిన పన్నుకు 300 ఏళ్ళ కిందటే ఒక దారి ఉంది. విరగకుండా చిట్లిన పన్నుకే లేదు, ఎందుకంటే అది కంటికి కనబడదు.

ఇంకో కారణం నొప్పి. 1846 దాకా మత్తిచ్చే ఈథర్ లేదు. పన్ను దగ్గర మాత్రమే మొద్దుబార్చే కొకైన్ సూది 1884 తర్వాతి మాట. అంతకు ముందు పన్నును గంటసేపు చెక్కి, అచ్చు తీసి, క్యాప్ బిగించడం ఎవరి ఓపికకూ సాధ్యం కాదు. పీకడం అయితే క్షణాల పని. (హైదరాబాద్ సంస్థానంలోనే 1888లో, 1889లో క్లోరోఫాం భద్రత తేల్చడానికి రెండు కమిషన్లు కూర్చున్నాయి. మత్తు మీద లోకమంతా వాదించుకున్న రోజుల్లో మన గడ్డ కూడా అందులో ఉందని చాలామందికి తెలియదు, అందుకే చెబుతున్నాను.)

భద్రకాళి కట్ట (దంతవైద్యురాలు, హన్మకొండ):

పాకాల గట్టు గారూ, ఎక్స్‌రేలో కనబడకపోవడం మీద అందరికీ అనుమానం ఉంది కాబట్టి ముందు అది చెబుతాను.

దవడ పన్నులో చిట్లు ఎక్కువగా ముందు నుంచి వెనక్కి పోతుంది. ఎక్స్‌రే కిరణం బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకు పోతుంది. ఏ బీటయినా కిరణం దాని వెంబడి దూరినప్పుడే ఫిల్మ్ మీద గీతగా పడుతుంది, అడ్డంగా తగిలితే ఏమీ పడదు. రాంట్‌గెన్ 1895 చివర్లో ఎక్స్‌రే కనుక్కున్నాడు, కొద్ది వారాల్లోనే జర్మనీలో ఓటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన సొంత పళ్ళను 25 నిమిషాల పాటు కిరణాల ముందు ఉంచి ఫొటో తీసుకున్నాడు. అప్పటి నుంచి పిప్పి, వేరు కింది చీము దొరకడం తేలికైంది. చిట్లు మాత్రం దొరకలేదు. ఇవాళ్టి త్రీడీ స్కాన్‌లో కూడా వెంట్రుకంత బీట చాలాసార్లు తప్పించుకుంటుంది.

దీన్ని పట్టిచ్చింది రోగి చెప్పే మాట. కొరికినప్పటి కంటే కొరికి వదిలినప్పుడు నొప్పి జివ్వున లేస్తుంది. 1954లో గిబ్స్ అనే ఆయన పంటి కొన విరుపుతో వచ్చే ఈ నొప్పిని వర్ణించారు. 1964లో కామెరాన్ దీనికి 'క్రాక్డ్ టూత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు, ఆ పేరే నిలిచింది. అంటే పేరు పుట్టి అరవై ఏళ్ళే, కాబట్టి మీ పెద్దబాపు చిన్నతనంలో ఆ మాట వినకపోవడంలో వింత లేదు.

ఎలా చూస్తామంటే, పన్నుకున్న ఒక్కో కొన మీద చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి కొరకమంటాం, వదలమంటాం. నాలుగు కొనల్లో ఏదో ఒకదాని మీద వదలగానే రోగి ఉలిక్కిపడతారు. తర్వాత గదిలో లైటు తగ్గించి, సన్నని వెలుగును పన్ను పక్కన ఆనిస్తాం. మంచి పన్ను మొత్తం వెలుగుతుంది. చిట్లిన పన్నులో వెలుగు బీట దాకా వచ్చి ఆగిపోతుంది, ఇవతలి సగం కాంతిగా, అవతలి సగం చీకటిగా కనబడుతుంది. దాన్ని ఫొటో తీసి చూపిస్తే ఇంటివాళ్ళ టెన్షన్ సగం తగ్గుతుంది. మీ డాక్టర్లు ఈ రెండూ చేశారా? చేయకపోతే అడగండి.

కిందివైపు వెనక పళ్ళకే ఇది ఎక్కువ రావడానికి కారణం అడకత్తెరలాంటిదే. వక్కను కీలు దగ్గర పెడితేనే కదా తేలిగ్గా తెగేది. దవడ కీలుకు దగ్గరున్న పన్ను మీదే అన్నిటికంటే ఎక్కువ బరువు పడుతుంది. దానికి తోడు మన దగ్గర బొక్కలు కొరకడం, వక్క నమలడం.

ఓరుగల్లు కోట:

డాక్టరమ్మా, వివరం బాగుంది, కానీ నా అనుమానం తీరలేదు. మీ వృత్తి చరిత్రే నాకు సాక్ష్యం. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు కెనడాలో ఉపన్యసిస్తూ, బంగారు క్యాపుల కింద కుళ్ళు పేరుకుని ఒళ్ళంతా రోగాలు తెస్తోందన్నాడు. దాంతో ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు కీళ్ళనొప్పికీ, జ్వరానికీ కూడా పళ్ళు పీకించారు. బాగున్న పళ్ళు సైతం పోయాయి. అప్పుడు పీకమన్నది డాక్టర్లే, ఇప్పుడు పీకొద్దు క్యాప్ వేయమంటున్నదీ డాక్టర్లే. రేపు ఇంకోటి అనరని నమ్మకం ఏమిటి?

రామప్ప ఇటుక, ములుగు:

హంటర్ సంగతి నిజమే, ఆ కాలంలో జరిగింది అన్యాయమే. కానీ దాన్నుంచి కోట అన్న లాగుతున్న తీర్మానం తలకిందులుగా ఉంది. అప్పుడు చెడింది పళ్ళు నిలబెట్టడం వల్ల కాదు, ఏ పన్ను చెడిందో తేల్చుకోకుండా పీకడం వల్ల. మీ ఆర్‌ఎంపీ చెబుతున్నది సరిగ్గా అదే పద్ధతి. ఏమైందో తెలియదు, తీసేద్దాం.

పైగా 1910కీ ఇప్పటికీ మధ్య చాలా మారింది. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికా దంతవైద్యుడు పంటి పింగాణీని (పైనుండే గట్టి ఎనామెల్ పొరను) ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే ప్లాస్టిక్ పదార్థం దానికి గట్టిగా అతుక్కుంటుందని చూపించాడు. అంతకు ముందు వెండి సిమెంట్ నింపాలంటే అది జారకుండా పన్నును లోపల వెడల్పుగా తవ్వాల్సి వచ్చేది. అలా తవ్విన పళ్ళే గోడలు పల్చబడి తర్వాత చిట్లేవి. వైద్యం వల్లే కొంత చిట్లు పెరిగింది, ఆ మాట వైద్యులే ఒప్పుకుని పద్ధతి మార్చుకున్నారు. మారినందుకు తప్పుపట్టడం నాకు న్యాయంగా తోచదు.

పాకాల గట్టు, నర్సంపేట:

అందరికీ ధన్యవాదాలు. మధ్యలో ఇంకో సంగతి. మా అమ్మ అంటోంది, "కింది పన్ను కాబట్టి పీకించినా పర్లేదు, అదే పై పన్నయితే చూపు పోతుంది" అని. ఇదెక్కడిది?

రామప్ప ఇటుక, ములుగు:

అది కూడా సుశ్రుత సంహితలో ఉంది అక్కడే, పళ్ళ చికిత్సలో. గట్టిగా ఉన్న పై పన్నును వేరుతో సహా పీకితే రక్తం ఎక్కువగా పోయి, కన్ను పోవడం, మూతి వంకరపోవడం లాంటి ఘోరమైన జబ్బులు వస్తాయి, కాబట్టి కదులుతున్నా సరే పై పన్ను తీయవద్దని రాశారు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ అందరూ అనే మాట ఇదే.

భద్రకాళి కట్ట (దంతవైద్యురాలు, హన్మకొండ):

అమ్మగారికి భయం వద్దని చెప్పండి. కంటిచూపు నరం వేరు, పంటి నరం వేరు. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో పై పంటి చీము కంటి వైపు పాకి ప్రాణం మీదికి తెచ్చేది, ఇప్పటికీ నిర్లక్ష్యం చేస్తే తేగలదు. అది పీకడం వల్ల కాదు, చీమును అలా వదిలేయడం వల్ల.

కాజీపేట జంక్షన్:

నాకు ఒక్కటి తేల్చండి. రూట్ కెనాల్ అందరికీ అవసరమా? ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పారు, వేలల్లో తేడా. చరిత్ర ఎంత చెప్పుకున్నా ఇంటివాళ్ళకు కావాల్సింది ఇదే.

భద్రకాళి కట్ట (దంతవైద్యురాలు, హన్మకొండ):

అందరికీ అవసరం లేదు. నరం ఇంకా కోలుకునే స్థితిలో ఉంటే, అంటే చల్లదనానికి జివ్వుమని వెంటనే తగ్గిపోతుంటే, రాత్రిళ్ళు దానంతటదే సలుపు లేకపోతే, ముందు క్యాప్ ఒక్కటే వేయవచ్చు. 2007లో అచ్చైన ఒక అమెరికా పరిశీలనలో అలాంటి పళ్ళకు క్యాప్ వేస్తే సుమారు 5లో ఒకదానికే ఆరు నెలల్లోపు రూట్ కెనాల్ చేయాల్సి వచ్చింది. అందుకే అందరికీ ముందే నరం తీసేయడం నాకు సమ్మతం కాదు, ఈ విషయంలో కోట గారి కోపంలో న్యాయం ఉంది.

ఖర్చు పెట్టే ముందు పాత పద్ధతి ఒకటుంది. పన్ను చుట్టూ స్టీల్ పట్టీ బిగించి రెండు మూడు వారాలు చూడటం. ఒకప్పుడు రాగి పట్టీ వాడేవారు. పట్టీ రెండు సగాలనూ కదలకుండా పట్టి ఉంచుతుంది. నొప్పి తగ్గితే క్యాప్‌తో నిలబడుతుందన్నమాట. తగ్గకపోతే అప్పుడు నరం సంగతి ఆలోచించాలి.

చిగురు పక్కన ఒక్కచోటే లోతుగా సన్నని సందు దిగుతుంటే మాత్రం బీట వేరులోకి పోయిందని అనుమానించాలి. రెండు ముక్కలూ విడివిడిగా కదిలితే ఆ పన్నును ఎవరూ నిలబెట్టలేరు. అప్పుడు పీకించమని నేనే చెబుతాను.

ఓరుగల్లు కోట:

పట్టీ సంగతి ముందే చెప్పి ఉంటే ఇంత వాదన ఉండేది కాదు. తక్కువ ఖర్చుతో తేల్చే దారి ఉన్నప్పుడు ఎంతమంది డాక్టర్లు అది చెబుతున్నారు? నేను అడుగుతున్నది ఈ ప్రశ్న. జబ్బు లేదని కాదు, రోగికి అన్ని దారులూ చెప్పడం లేదని.

కాజీపేట జంక్షన్:

నిజమే. చెప్పినా అందరికీ అందదు. ఊళ్ళల్లో కూలికి పోయేవాళ్ళకు పీకించుకోవడం ఒక్క పూటతో అయిపోతుంది, క్యాప్ అంటే నాలుగైదుసార్లు బస్సెక్కి పట్నం రావాలి, ఆ రోజుల కూలి పోతుంది. సర్కారు దవాఖానల్లో క్యాప్ కూడా ఉచితంగా, ఒకటి రెండు రోజుల్లో పెట్టే ఏర్పాటు వచ్చేదాకా మన పల్లెల్లో చిట్లిన పన్నుకు వైద్యం పీకడమే అవుతుంది. దీని మీద జిల్లా వైద్యాధికారికి అందరం కలిసి అర్జీ రాద్దామా? ముసాయిదా నేను రాస్తాను, డాక్టరమ్మ గారు సరిచూస్తే చాలు.